సాయంత్రం నాలుగింటికి నేను ఆఫీసులో ఉన్నాను



స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్సు చదివి పట్టాలు అందుకుంటున్న మీ ముందు లెక్కల గురించి మాట్లాడాలంటే బెరుగ్గానే ఉంది. అందుకని నేను తప్పు చేసిన లెక్కే చెబుతాను. అందులోనైతే నన్ను మించినవాళ్లు ఉండరు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో నేనూ అప్పుడప్పుడూ రాస్తుంటాను. అక్కడ ఎవరు ఏ పేజీలో కామా మార్చినా ‘చరిత్ర’లో ఒక వరుస చేరుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని బైట్లు అన్నీ ఉంటాయి. ఎవరైనా దించుకోవచ్చు. ఓ ఆదివారం నా దిద్దుబాట్లన్నీ పైథాన్‌లోకి తెచ్చుకుని, పాండాస్‌తో గంటలవారీగా లెక్కగట్టి గ్రాఫు గీశాను. సాయంత్రం నాలుగు దగ్గర తాడిచెట్టంత స్తంభం లేచింది. మా అమ్మాయి వెనక నుంచి తొంగిచూసి, “అమ్మా, ఆ టైముకి నువ్వు ఆఫీసులో ఉంటావు కదా?” అంది.

నిజమే. ఆఫీసులో వికీపీడియా తెరిచిన పాపాన పోలేదు నేను. అన్నాలయ్యి, గిన్నెలు సర్దుకుని, తొమ్మిదిన్నరకు కూర్చుంటాను. వికీపీడియా చిట్టా యూటీసీలో నడుస్తుంది. మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం నాలుగంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. గంటే కాదు, రోజు కూడా మారిపోతుంది. సోమవారం తెల్లవారుజామున ఒంటిగంటకు నిద్రపట్టక దిద్దినది ఆదివారం ఖాతాలో పడుతుంది. సరిచేయడానికి ఒకటి రెండు వరుసల కోడ్ చాలు. ఆ కోడ్‌లో మన సమయానికి పేరు ‘ఆసియా/కోల్‌కతా’. తెలియక హైదరాబాద్ కోసం వెతుకుతూ కూర్చున్నాను.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో డేటాను సాక్షిని నిలదీసినట్టు నిలదీయాలంటారు. పుస్తకం చదివిన నేను చేయని ఆ పని, చదవని మా అమ్మాయి చేసింది.

తర్వాత మొత్తం వికీ మీద పడ్డాను. ఒకచోట వ్యాసాల సంఖ్య ఒక్కసారిగా ఎగిరింది. ఊళ్ల పేర్లతో ఒక బాట్, అంటే దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాము, సృష్టించిన మొలక వ్యాసాలవి. మనిషి చేతిని, మర చేతిని విడదీయకుండా గీస్తే తెలుగువాళ్లంతా ఆ రోజుల్లో పూనకం వచ్చి రాసినట్టు కనిపిస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే. వికీలో అందరూ చర్చించుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు. అలాంటి పేజీలో 30 రోజుల నెలలో 6 రోజులే మాటలు సాగాయనుకోండి, మొత్తం 18 వ్యాఖ్యలు. తేదీలవారీగా గ్రూప్‌బై చేసి సగటు తీస్తే రోజుకు 3 వస్తుంది. బండ కళకళలాడుతున్నట్టే. కానీ ఎవరూ రాని రోజుకు చిట్టాలో వరుసే ఉండదు, గ్రూప్‌బైకి ఆ రోజు పుట్టనే లేదు. రీఇండెక్స్‌తో నెలలోని రోజులన్నీ పరిచి, ఖాళీల్లో సున్నాలు నింపితే అసలు సగటు 0.6. నేను చాలాకాలం ఆ మొదటి రకం సగటునే నమ్మాను. ఎర్రర్ వచ్చి ఉంటే వెంటనే పట్టుకునేదాన్ని. కోడ్ చక్కగా నడిచింది, అదే కొంప ముంచింది.

ఇక నెల మధ్యలో డేటా దించుకుని, చివరి స్తంభం పొట్టిగా ఉందని ‘జనం తగ్గిపోయారు’ అని రాసే రిపోర్టుల సంగతి. అలాంటిది నేనూ ఒకటి రాశాను. దాని గురించి ఇక్కడ వద్దు.

రేపో ఎల్లుండో మీరు ఉద్యోగాల్లో చేరతారు. మొదటి వారంలోనే ఎవరో ఒకరు గ్రాఫు అడుగుతారు, అదీ సాయంత్రంలోపు. ఇచ్చేటప్పుడు దాని కింద మూడు సంగతులు రాయండి. డేటా ఏ తేదీన దించారు, సమయం ఏ గడియారానిది, సున్నా రోజులు లెక్కలో ఉన్నాయా లేదా.