వేడినీళ్ల స్నానం - మన గుండె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు "గుండె గురించి చెప్పండి డాక్టరుగారూ, కానీ భయపెట్టొద్దు" అన్నారు. అందుకని ఆపరేషన్ల జోలికి పోకుండా, మనందరం రోజూ చేసే స్నానం గురించే మాట్లాడతాను.

"స్టెంటు వేశారు కదా, వేడినీళ్లు పోసుకోవచ్చా?" అని అరవై దాటినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. గుండె జబ్బు అదుపులో ఉంటే గోరువెచ్చని నీళ్లు మంచివే. వేడి తగలగానే చర్మం కింది రక్తనాళాలు విప్పారతాయి, గుండెకు ఎదురొత్తిడి తగ్గుతుంది. 1995లో జపాన్‌లోని కగోషిమాలో డాక్టర్ చువా తేయి బృందం, గుండె బలహీనపడిన రోగులనే 41 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచి పరీక్షించింది. గుండె పంపే రక్తం పెరిగింది, నాళాల ఒత్తిడి తగ్గింది. తర్వాత అదే దేశంలో సుమారు 30 వేలమందిని దాదాపు 20 ఏళ్లు గమనించారు. రోజూ తొట్టి స్నానం చేసేవాళ్లకు, వారానికి రెండుసార్లకు మించి చేయనివాళ్లకంటే గుండె, రక్తనాళాల జబ్బులు 28 శాతం తక్కువ. ఆరోగ్యం బాగున్నవాళ్లే రోజూ తొట్టిలో కూర్చుంటారేమో కూడా, కాబట్టి ఘనతంతా నీళ్లకే ఇవ్వను.

అయితే వాళ్ల స్నానం వేరు, మన స్నానం వేరు. వాళ్లు మెడలోతు నీళ్లలో కూర్చుంటారు. ఆ నీటి ఒత్తిడికి ముప్పావు లీటరుకు కాస్త తక్కువగా రక్తం కాళ్లనుంచి, పొట్టనుంచి ఛాతీలోకి చేరుతుంది. మనది బకెట్టు, చెంబు. ఆ ఒత్తిడి లేదు, వేడి మాత్రం ఉంది. పీట మీదనుంచి లేవగానే, విప్పారిన నాళాల్లోని రక్తం కాళ్లలోకి జారుతుంది. కుర్రవాడి ఒళ్లు క్షణంలో సర్దుకుంటుంది. బి.పి. మాత్రలో, ప్రోస్టేట్ మాత్రలో వేసుకునే డెబ్భై ఏళ్ల ఒళ్లు కాస్త ఆలస్యం చేస్తుంది. అప్పుడే కళ్లు తిరుగుతాయి. కింద తడి నేల, తలుపుకు లోపల గడియ! పడ్డ మనిషిని బయటికి తీయడానికి తలుపు పగలగొట్టాల్సి వచ్చిన ఇళ్లు నాకు తెలుసు.

తొట్టిలోనూ ప్రమాదం లేకపోలేదు. జపాన్‌లో చలికాలంలో తొట్టి స్నానంలో చనిపోయే పెద్దవాళ్లు చాలామందే. 41 డిగ్రీలు, 10 నిమిషాలు దాటొద్దని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. మన ఇళ్లలో థర్మామీటర్లు ఉండవు కదా, మోచేయి ముంచి చూడండి, చురుక్కుమనకూడదు. షుగరు ఉన్నవాళ్లు పాదాలను నమ్మొద్దు, వాటికి వేడి సరిగా తెలియదు. జారని స్టూలు మీద కూర్చోండి, లేచేముందు ఒక్క నిమిషం ఆగండి. గడియ వేయకండి, తలుపు దగ్గరగా వేస్తే చాలు.

కార్తీకమాసంలో తెల్లవారుజామున గోదావరిలో మునిగేవాళ్లకు కథ తిరగబడుతుంది. చన్నీళ్లకు నాళాలు ముడుచుకుని బి.పి. ఒక్కసారిగా ఎగుస్తుంది. నడిస్తే గుండెనొప్పి వచ్చేవాళ్లు గట్టునే ఉండి నెత్తిన నీళ్లు చల్లుకోవాలి. పుణ్యం తగ్గుతుందేమో మన తెలుగు మాస్టారినే అడగండి, ముందు వరసలోనే ఉన్నారు!

బి.పి. మిషన్ తెచ్చాను. భోజనాలకు ముందు ఆ పక్క గదిలో కూర్చుంటాను. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూస్తాను. నిలబడ్డప్పుడు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోయినవాళ్లు, వేసుకునే మాత్రల చీటీ నాకు చూపించి వెళ్లండి.