పాత ట్రాక్టరు – ఆరు నుంచి పన్నెండు వోల్టులకు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటా ఎవరో ఒకరు యుద్ధం కబుర్లు చెబుతారు. నాకు ఆ భాగ్యం తక్కువ. ఇ.ఎం.ఇ.లో బండ్ల ఎలక్ట్రీషియన్‌గా చేశాను. బ్యాటరీ యాసిడ్‌తో యూనిఫారానికి చిల్లులు పెట్టుకోవడమే నా పరాక్రమం. అందుకని ఒక పాత ట్రాక్టరు సంగతి చెబుతాను. ఇందులో నా తప్పు ఒకటుంది, అది కూడా చెబుతాను.

మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి కంపెనీ పనికి జంషెడ్‌పూర్ వచ్చి ఉండిపోయారు. నేనూ 2003లో రిటైరై అక్కడికే చేరాను. ఇల్లు భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖ నదికి దగ్గర. పక్క వీధిలో ఒక సుబేదార్ గారు ఉండేవారు. ఇన్‌ఫాంట్రీ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన దగ్గర ఒక ఫెర్గూసన్ ట్రాక్టరు ఉండేది. బూడిద రంగుది, టి.ఇ.20 అంటారు. ఇంగ్లండులో కోవెంట్రీ ఊళ్ళో 1946 నుంచి 1956 దాకా తయారైంది. మొత్తం ఐదు లక్షలకు పైనే చేశారు. ఈయనది పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చే రకం. స్టార్టరుకు వేరే బటన్ ఉండదు. గేరు లివరునే ‘ఎస్’ అన్న చోటికి నెట్టాలి. అంటే గేరులో ఉండగా పొరపాటున కూడా స్టార్టరు తిరగదు. అది ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

దానికి నీళ్ళ ట్యాంకరు కట్టి పెళ్ళిళ్ళకు, ఇళ్ళు కట్టేచోట్లకు తోలేవారు. చిన్నబ్బాయి చదువు దాని మీదే నడిచేది. 2004 డిసెంబరులో ఒక చలి పొద్దున స్టార్టరు మూలిగి ఆగిపోయింది. ఆయన ముందు హ్యాండిల్ పెట్టి తిప్పారు. ఇంజను ఎదురు తన్నింది. మణికట్టు విరిగింది. చేతికి కట్టుతో మా ఇంటికొచ్చి, “తమ్ముడూ, దీన్ని పన్నెండు వోల్టులు చేసిపెట్టు. లేకపోతే పాత ఇనుముకి తూచేస్తా” అన్నారు.

మిత్రులారా, ఆ ట్రాక్టరుది ఆరు వోల్టుల బ్యాటరీ, మూడు సెల్లులు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు కూడా ఆరు వోల్టులదే. 1950లో దాని తర్వాత వచ్చిన ఎం-38 జీపుకు అమెరికా వాళ్ళు ఇరవై నాలుగు పెట్టారు. వోల్టేజి ఎందుకు పెంచుతారంటే, 48 వాట్ల దీపానికి ఆరు వోల్టుల మీద 8 ఆంపియర్లు కావాలి, పన్నెండు మీద 4 చాలు. కరెంటు సగమైతే తీగలో వృథా పావుకి దిగుతుంది. కాబట్టి పాత తీగలు, పైతొడుగు బాగుంటే చాలు, మార్చక్కర్లేదు. మార్చాల్సింది ఆ తీగల చివర ఉన్నవాటిని.

బల్బులు, హారను మార్చాను. పాత ఇగ్నిషన్ కాయిల్ నిరోధం ఒకటిన్నర ఓములు. ఆరు వోల్టులకు 4 ఆంపియర్లు తాగుతుంది. పన్నెండు ఇస్తే ఎనిమిది! కాయిల్ కాలుతుంది, పాయింట్లు మాడతాయి. మధ్యలో ఒకటిన్నర ఓముల రెసిస్టరు పెట్టొచ్చు, నేను మాత్రం పన్నెండు వోల్టుల కాయిలే వేశాను. డైనమో, రెగ్యులేటరు తీసేసి పాత మారుతి ఆల్టర్నేటరు బిగించాను. దాని బ్రాకెట్టు సాక్చీలో వెల్డింగు చేయించాను. ట్రాక్టరులో బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉండేది. ఆల్టర్నేటరుకు మైనస్సు బాడీకి ఉండాలి. అందుకని అమ్మీటరు తీగలు, కాయిల్ తీగలు అటూ ఇటూ మార్చాను. స్టార్టరును ముట్టుకోలేదు. దాని ఫీల్డూ ఆర్మేచరూ రెండూ కలిసి తిరగబడతాయి కనుక అది ఎప్పటిలాగే అదే వైపు తిరుగుతుంది. అయితే పన్నెండు మీద గట్టిగా కొడుతుంది, ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు.

అంతా అయ్యాక స్టార్ట్ చేస్తే అందుకుంది. స్విచ్చి కట్టేస్తే ఆగలేదు! సుబేదార్ గారు “దెయ్యం పట్టిందా?” అన్నారు. ఆల్టర్నేటరు నుంచి చిన్న తీగ గుండా కరెంటు వెనక్కి వచ్చి కాయిల్‌ని మేపుతోంది. ఆ తీగలో ఒక ఛార్జింగ్ బల్బు పెట్టాక కుదిరింది. ఇంత తెలిసినవాణ్ణని అప్పుడు కొంచెం గర్వం కూడా కలిగింది.

ఏప్రిల్ వచ్చేసరికి స్టార్టరు మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ పోస్టుకి, ఇంకో కొసను ఇంజను దిమ్మకి ఆనించి లివరు నెట్టించాను. పావు వోల్టు లోపు ఉండాల్సిన చోట రెండు వోల్టులు చూపించింది. ఎర్త్ పట్టీ విప్పితే కింద ఎవరో వేసిన ఎర్ర రంగు, దాని కింద తుప్పు. ఆ రంగు నేను వేసింది కాదు. ఆ పట్టీకే కొత్త బ్యాటరీ బిగించింది మాత్రం నేనే. ఆరులోంచి ఒకటిన్నర పోతే నాలుగున్నర మిగులుతుంది, చలిలో అది చాలదు. పన్నెండులోంచి రెండు పోయినా పది మిగులుతుంది. నా పనితనం నాలుగు నెలల పాటు రోగాన్ని దాచిపెట్టింది, అంతే.

ఎమరీ కాగితంతో రుద్ది బిగించాను. మనసు ఊరుకోక, మూల పడేసిన పాత ఆరు వోల్టుల బ్యాటరీని ఛార్జి చేసి, స్టార్టరుకు మాత్రం కలిపి చూశాను. గిర్రున తిరిగింది.

ఆయనకు నాలుగు వేలకు పైన ఖర్చు పెట్టించాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు తిరిగాను. మా ఆవిడ “చెప్పకపోతే మీకు నిద్ర పట్టదు, వెళ్ళి చెప్పి రండి” అంది. వెళ్ళి చెప్పాను. ఆయన వంకరగా అతుక్కున్న మణికట్టు నిమురుకుంటూ విన్నారు.

“డబ్బు సంగతి సరే తమ్ముడూ. చెయ్యి విరక్కముందే నీ దగ్గరికొస్తే, ముందు ఆ పట్టీ విప్పి చూసేవాడివా?”

“లేదు సుబేదార్ గారూ. అప్పుడూ వోల్టులే మార్చేవాణ్ణి.”

ఆయన ఇంకేమీ అనలేదు. ట్రాక్టరెక్కి కూర్చుని, ఎడం చేత్తో లివరు ‘ఎస్’ వైపు నెట్టారు. మొదటి తిప్పుకే అందుకుంది.

సెలవు. జై హింద్.