పది బళ్లున్నవాడికి ఒక రూలు, ఒక బండివాడికి ఇంకో రూలు

(సాలూరులో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి నాకన్నా ముందు పెద్దలు మాట్లాడారు. నేను ఇంజిను గురించి మాట్లాడతాను. లారీల ఊరు సాలూరులో నిలబడి ఇంజిను గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. ఇక్కడి మేస్త్రీలు రాయపూర్ రోడ్డులో ఆగిపోయిన ఎన్ని బళ్లను లేపారో మీకు తెలుసు. నేను మాట్లాడేది లారీ గురించి కాదు, మన పాత పికప్పు గురించి.

ఉద్దానం కొబ్బరికాయ, బొబ్బిలి వైపు మామిడికాయ, మన కూరగాయ ఏది కదలాలన్నా ఆ బండే. 1999లో రైతు బజార్లు వచ్చాయి. తెల్లారేసరికి విశాఖ బజారులో దిగాలంటే అర్ధరాత్రి బండి స్టార్టు కావాలి. బాడుగ బండి మన టైముకి రాదు, వచ్చినా కూరగాయల డబ్బు దానికే చాలదు. అలాంటి బండి ఇంజిను సీజను మధ్యలో పోతే రైతు ఏం చేస్తాడు? కొత్త బండికి ఫైనాన్సు ఇస్తామని ఫోన్లు వస్తాయి. అయిదేళ్ల కిస్తీ కట్టేది ఆ కూరగాయల మీదే కదా. అందుకే పాత ఇంజిను తెచ్చి వేసుకుంటున్నారు. అది తప్పుడు పని అని నేను అనను, చాలాసార్లు అదే తెలివైన పని. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బండి తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ చెప్పింది. మన దగ్గర అలా వయసు చూసి ఆపడం లేదు. ఇక్కడ చూసేది ఫిట్‌నెస్. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి అది ఏటా చేయించాలి.

ముందు మీ ఇంజినే బాగుపడుతుందేమో చూడండి. పొగ కొడుతోంది, ఆయిలు తాగుతోంది, బోరుకు వచ్చింది అంటే బ్లాకు, క్రాంకు బాగుంటే లేత్ షాపులో బోరు కొట్టించి పిస్టన్లు, రింగులు వేయించుకోవడమే మేలు. నంబరు మారదు, కాగితాల గొడవ లేదు. బ్లాకు పగిలితేనో, క్రాంకు విరిగితేనో పాత ఇంజిను వెతకాలి.

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, దగ్గరలో బళ్లు విప్పే షెడ్డుకు వెళ్లినా, కడిగి రంగు వేసిన ఇంజినును చూసి మోసపోకండి. నేలమీద ఉన్న ఇంజినుకన్నా ఇంకా బండిలో ఉన్నది నయం, స్టార్టు చేసి చూడవచ్చు. మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజిను ఎలా అందుకుంటుందో అదే దాని అసలు ఆరోగ్యం. నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడినుంచి పొగ గుప్పుగుప్పుమని తన్నితే రింగులు పోయినట్టే. సైలెన్సరులో నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, ఆ ఇంజిను వదిలేయండి. కంప్రెషన్ మీటరుంటే నాలుగు సిలిండర్లూ చూపించమనండి. ఒక్కటి బాగా తక్కువగా ఉన్నా బేరం ఆపండి.

అదే కంపెనీ, అదే రకం ఇంజినే తీసుకోండి. 'ఇంకా పవరున్నది వేద్దాం బావా' అంటాడు మేస్త్రీ. మాట వినకండి. పాత పంపు ఇంజిను ఉన్న బండిలో కామన్ రైల్ ఇంజిను వేస్తే దాని కంప్యూటరు, సెన్సార్లు, వైరింగు అన్నీ తేవాలి. మౌంటింగులు కుదరవు. గేరుబాక్సు, బ్రేకులు ఆ బలానికి చేసినవి కావు. ఇంజిను కింద ఉండగానే వెనక ఆయిలు సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వాటర్ పంపు, హోసులు మార్పించండి. తర్వాత సీలు కారితే మళ్లీ గేరుబాక్సు దింపే కూలి మీదే.

ఇక కాగితం సంగతి. మా పక్క ఊరి రైతు ఒకాయన మామిడి సీజనులో ఇంజిను వేయించాడు. బండి బాగా నడిచింది. ఫిట్‌నెస్‌కు వెళ్తే నంబరు కలవలేదు. బిల్లేదంటే లేదు. "ఇంజిను బాగుంది, పేపర్లే నేవు, ఏటి సేద్దుమంటావు బావా?" అని నా దగ్గరకొచ్చాడు. కాయ చెట్టునుండగా బండి షెడ్డులో ఉంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చదివి చెబుతున్నాను. ఇంజిను మార్చాలంటే ముందు రవాణా అధికారి అనుమతి. మార్చాక 14 రోజుల్లోగా తెలిపి, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఫైనాన్సు ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కావాలి. అనుమతి లేని మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలలదాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే నంబరు కలవలేదని బీమా వాళ్లు కొర్రీ వేస్తారు. ఇంజిను దొంగ బండిదైతే ఇంకో కేసు. దొంగ సొత్తని నమ్మే కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద మనమే ముద్దాయిలం. అందుకే అమ్మేవాడి పేరు, ఇంజిను నంబరు, అది దిగిన బండి నంబరు, ఛాసిస్ నంబరు ఉన్న బిల్లు లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. బ్లాకు మీద నంబరును అరగదీసినట్టుంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

అదే 52వ సెక్షనులో ఇంకో మాట ఉంది. పదికి తక్కువ కాకుండా రవాణా బళ్లున్న యజమాని అదే కంపెనీ, అదే రకం ఇంజిను వేసుకుంటే ముందు అనుమతి అక్కర్లేదని రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వవచ్చు. పది బళ్లున్నవాడికి ఒక బండి ఆగితే తొమ్మిది తిరుగుతాయి. మనకున్నది ఒక్కటే, అది ఆగితే ఇల్లే ఆగుతుంది. వెసులుబాటు ఎవరికి కావాలి? చట్టం చేసినవాళ్లు దీన్ని తలకిందులుగా రాశారు.

పది అనే అంకెను మార్చాల్సింది పార్లమెంటు. మన ఎంపీలకు ఆ వినతిపత్రం ఇద్దాం. ఈలోగా జిల్లా అధికారుల పరిధిలో ఉన్నదే అడుగుదాం. అదే రకం ఇంజినుకు బిల్లుతో దరఖాస్తు పెడితే మూడు పనిదినాల్లో అనుమతి ఇవ్వాలి. పంట సీజనులో మండల కేంద్రానికే వచ్చి నంబరు తనిఖీ చెయ్యాలి. ఇంజిను మార్చి కాగితం కాక బండి ఆగినవాళ్లు బండి నంబరు, ఎన్ని రోజులు ఆగింది, ఏ పంట మీద ఎంత నష్టం వచ్చింది, ఈ మూడూ రాసి మీ మండల కమిటీకి ఇవ్వండి. వినతిపత్రానికి అవే జతచేస్తాం.