క్లచ్ లేని రోజులు

తెల్లాపూర్ కారు ప్రియుడికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పెద్ద వరం. 158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వరుసలు. ఆదివారం తెల్లవారకముందే కొల్లూరు దగ్గర ఎక్కితే, గేరు మార్చినప్పుడల్లా ఇంజను గొంతు మారడం హాయిగా వినొచ్చు. సోమవారం ఆ హాయి ఉండదు. గోపనపల్లి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరేదాకా క్లచ్ తొక్కుతూ, వదులుతూ ఎడమకాలు పీక్కుపోతుంది.

విద్యుత్ కారు గెలిచేది సరిగ్గా అక్కడే. దానికి క్లచ్ ఉండదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి, బండి వేగం తగ్గిస్తూ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో పెట్రోలు కారు ఇంధనం వృథా చేస్తుంటే, ఇది తను వాడిన శక్తిలో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. గడువు 2026 డిసెంబరు 31.

కర్మాగారాలూ మారుతున్నాయి. 2019లో పెనుకొండ దగ్గర పెట్రోలు, డీజిలు సెల్టోస్‌తో మొదలైన కియా, 2025లో అక్కడ తయారైన విద్యుత్ కారెన్స్ క్లావిస్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

అసలైన మలుపు మాత్రం ఇంకా దగ్గర్లోనే ఉంది. తెల్లాపూర్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, కంది ఐఐటీలో, డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే తిహాన్ కేంద్రం 2022 జులైలో ప్రారంభమైంది. కూడళ్లు, కృత్రిమ వాన అక్కడి ఏర్పాట్లలో భాగం. నడపలేని పెద్దవాళ్లకు, చూపు మందగించినవాళ్లకు ఈ పరిశోధన ఎంతో అవసరం. స్టీరింగ్ పట్టడమే ఆనందమనుకునే మనిషికి మాత్రం ఇది నిజమైన దిగులే.