ఊపిరి నేర్పు గురువులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



డోర్నకల్లు రైలు కూడలికిని బొగ్గునకును గల సంబంధము అందరెరిగినదే. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు పరిసరములందు బొగ్గు పొరలను గుర్తించెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. ఆ బొగ్గును లోకమునకు చేర్చుటకే డోర్నకల్లు నుండి రైలు శాఖ వేయబడెను. బొగ్గు ఊళ్లకు వెలుగునిచ్చినది, కుటుంబములకు కూడు పెట్టినది. అయితే గనిలో దిగిన వాని ఊపిరితిత్తులలో దాని ధూళి కూడ మిగిలినది. దానికి వంటింటి కట్టెల పొగ, చుట్ట బీడీల పొగ, ప్రత్తి, మిరప దుమ్ము తోడైనవి. అందుచేతనే ఈ ప్రాంతపు పెద్దల నోట "దమ్ము వచ్చుచున్నది" అను మాట తరచు వినబడును.

వైద్యుడు మందిచ్చును. మందు పనిచేసినను కొందరికి పూర్వపు ఊపిరి తిరిగి రాదు. గుండెపోటు తప్పించుకొన్నవాడు ఇల్లు చేరును గాని గడప దాటుటకు వెరచును. అట్టివారికి మిగిలిన బలముతో బ్రతుకుట నేర్పు విద్య యొకటి కలదు. దానిని గుండె, ఊపిరితిత్తుల ఫిజియోథెరపీ యందురు. ఆ విద్యను ఆచరించుచు, శిష్యులకు నేర్పుచు జీవితము గడుపువారిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఈ విద్యకు బీజములు మన ప్రాచీన గ్రంథములందు లేకపోలేదు. చరకసంహిత చికిత్సా స్థానమున శ్వాసరోగము అయిదు విధములుగా చెప్పబడినది. అందు తమకశ్వాస పీడితుడు పండుకొన్నచో బాధ హెచ్చుననియు, కూర్చున్నచో సుఖపడుననియు, కఫము వెడలిన పిమ్మట కొంతసేపు తెరపి పొందుననియు వర్ణన కలదు. వ్యాయామము సగము బలముతోనే చేయవలెననియు, శ్వాస నోటికి వచ్చుటయే దానికి గుర్తనియు సుశ్రుతుడు నిర్ణయించెను. నేటి ఫిజియోథెరపిస్టు "నడచుచు మాటలాడగలుగుచున్నారా?" యని రోగిని అడుగుటలోని మర్మము ఇట్టిదే.

అయినను చిరకాలము లోకము విశ్రాంతినే పరమౌషధముగా నమ్మినది. క్షయకు మందులేని దినములలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమునందు డెన్మార్కు దేశీయుడగు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమాట్ మోలర్ నడపిన ఆరోగ్యశాలయు, వికారాబాదు చెంత అనంతగిరి ఆరోగ్యశాలయు ఎందరికో ఆశ్రయమైనవి. మంచిగాలి, పుష్టికరాహారము, విశ్రాంతి ఆనాటి చికిత్సకు మూలస్తంభములు. ఇంగ్లండునందలి ఫ్రిమ్లీ ఆరోగ్యశాలలో మార్కస్ పేటర్సన్ 1905 ప్రాంతమున కొంత భిన్నమైన మార్గము త్రొక్కెను. ఆయన రోగులచే మొదట నడక, పిదప బుట్టలు మోయుట, ఆ పిదప పారపని క్రమముగా చేయించెను. మందులు వచ్చిన పిమ్మట మదరాసులో జరిగిన పరిశోధన యొకటి 1959లో ప్రకటింపబడెను. ఇంటివద్దనే మందులు మ్రింగిన క్షయరోగులు ఆరోగ్యశాలలో పండుకొన్నవారితో సమానముగా కోలుకొనిరని అది తేల్చెను.

గుండె విషయమునను ఇదే కథ. గుండెపోటు వచ్చిన వానిని వారముల తరబడి మంచము దిగనిచ్చెడివారు కారు. 18వ శతాబ్ది ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ గుండెనొప్పి గల యొకడు దినమున కరగంట చొప్పున కట్టె కోసి ఇంచుమించు స్వస్థుడయ్యెనని వ్రాసి యుండెను. ఆ మాటను ఎవరును పట్టించుకొనలేదు. 1952లో అమెరికా వైద్యులు లెవైన్, లౌన్ అనువారు రోగులను త్వరగా కుర్చీలో కూర్చుండబెట్టి మేలు కలుగుటను చూపిరి. 1966లో డల్లాస్ నగరమున అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను 20 దినములు పండుకొనబెట్టి పరీక్షించిరి. ముప్పది సంవత్సరముల తరువాత ఆ యైదుగురినే మరల పరీక్షింపగా, ముప్పదేండ్ల వయస్సు చేసిన నష్టముకంటె ఆ ఇరువది దినముల పడక శ్రమించు శక్తికి చేసిన నష్టమే అధికమని తేలినది.

శ్వాసవ్యాయామమును ఆసుపత్రి విద్యగా నిలిపిన వారిలో వినిఫ్రెడ్ లింటన్ పేరు స్మరింపదగినది. మొదటి ప్రపంచయుద్ధమున నర్సుగా సేవచేసి, ఛాతీ గాయములపాలైన సైనికుల అవస్థను చూచిన ఆమె పిదప ఫిజియోథెరపీ నభ్యసించెను. 1934 నుండి లండను బ్రాంప్టన్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల శస్త్రచికిత్స పొందువారికి శ్వాసవ్యాయామములు నేర్పెను. రొమ్ములో ఏ భాగము కదలకున్నదో అచ్చట చేయి యుంచి, "ఈ చేతిని మీ ఊపిరితో ఎత్తుడు" అను పద్ధతి అది. చూచుటకు చిన్న సంగతి. కాని శస్త్రచికిత్స వలని నొప్పికి వెరచి నిండుగా ఊపిరి తీయనివానికి కఫము నిలిచి న్యుమోనియా పట్టును. చేయి యుంచిన ఆ గురువు ప్రాణమును నిలుపుచున్నదన్న మాట.

మన దేశమున ఈ విద్యకు పోలియో వ్యాధి ద్వారము తెరచినది. 1952లో బొంబాయిలో పోలియో ప్రబలెను. 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారముతో అచ్చటి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు ఫిజియోథెరపీ పాఠశాల ఏర్పడెను. 1955లో భారతీయ ఫిజియోథెరపిస్టుల సంఘము వెలసెను. 1952లోనే డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో పోలియోచే ఊపిరి స్తంభించిన వారికి వైద్యవిద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు చేతితో తిత్తిని నొక్కి గాలి నందించిరి. ఊపిరి నిలుపుటకు యంత్రమేగాక మనుష్యుని చేయియు, ఓరిమియు కావలెనని ఆ ఘట్టము చాటినది.

ఇక ఈ గురువు దినచర్య యెట్టిది? రోగి రాగానే అతడు ముందుగా చూచునది రోగి నడక. 30 మీటర్ల సమతల బాటపై 6 నిమిషములలో ఎంత దూరము నడచునో కొలుచును. అదియే మొదటి పద్దు. ముక్కుతో గాలి పీల్చి, పెదవులను ఈల వేయునట్లు ముడిచి, పీల్చిన కాలమునకు రెట్టింపు కాలము మెల్లగా విడువుమని చెప్పును. ఆ ముడిచిన పెదవుల వలన లోపలి సన్నని గాలిగొట్టములు మూసికొనిపోక తెరచియుండి, చిక్కుకొన్న గాలి బయల్వెడలును. ఆయాసము వచ్చినపుడు ముందునకు వంగి మోకాళ్లపై మోచేతులాన్చి కూర్చుండ నేర్పును. తెమడ యెక్కువగు వానిని ఆ భాగము పైకుండునట్లు పండుకొనబెట్టి దానిని జార్చును. రక్తము పడువానికి ఆ పని చేయడు. రొమ్ము కోసిన రోగికి దగ్గునపుడు దిండును గాయముపై హత్తుకొన నేర్పును. గుండెరోగికి నాడి చూచుకొనుట నేర్పి, రొమ్మున నొప్పి తోచినచో తక్షణమే ఆగి వైద్యుని చేరవలెనని పదే పదే హెచ్చరించును.

ఇవి యన్నియు నేర్పుట సులభము. భయమును పోగొట్టుటయే కష్టము. దమ్ము వచ్చునని రోగి నడువడు. నడువనందున కండరములు క్షీణించును. క్షీణించిన కండరములకు నాలుగడుగులే భారమై దమ్ము మరింత ముందుగా వచ్చును. అంతట రోగి మంచమున కంటుకొనును. ఇంటివారును ప్రేమతోనే "నీవు లేవవద్దు, మేము తెచ్చి యిత్తుము" అందురు. ఆ ప్రేమయే అతనికి సంకెల యగును. గురువు ఈ చక్రమును తెంపవలెను. ఈనాడు పది అడుగులు, ఎల్లుండి పదునైదు. మాత్రను నర్సు మ్రింగింపవచ్చును గాని నడకను ఒకరి బదులు మరియొకరు నడువలేరు. కావున ఈ చికిత్సయందు రోగి శిష్యుడు. శిష్యుడు పాఠము మానిన దినమున గురువు శ్రమ వ్యర్థము. తన అవసరము లేకుండ రోగిని ఇంటికి పంపుటయే ఈ గురువునకు గురుదక్షిణ.

యువ ఫిజియోథెరపిస్టులకు బోధించువాడును ఈ సంగతినే మొదట నేర్పవలెను. ఎముకల పటము, రక్తనాళముల పేర్లు పుస్తకమున దొరకును. వృద్ధుని ప్రక్కన అతని అడుగుతో అడుగు వేయుట, అతడు ఆగినపుడు విసుగక ఆగుట మాత్రము గురువు నడచి చూపినగాని రావు.

2020, 2021 సంవత్సరములలో కోవిడు వచ్చినపుడు ఈ విద్య విలువ లోకమునకు తెలిసినది. ఊపిరాడని రోగులను బోర్ల పండుకొనబెట్టుట, ఇల్లు చేరినవారికి శ్వాసవ్యాయామములు నేర్పుట పత్రికలందు సైతము చర్చకు వచ్చినవి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టమున ఫిజియోథెరపీకి స్థానము లభించినది. చట్టము వచ్చినది, చదువులును వచ్చినవి. ఇక ఆ విద్య తండా గడపను, గని పని విరమించిన కార్మికుని అరుగును చేరవలసి యున్నది. దానికి పెద్ద భవనములు అక్కరలేదు. కొలిచిన బాట, ఒక గడియారము, ఒక కుర్చీ, నేర్పుటకు తెలిసిన మనుష్యుడు చాలును.

అట్టి మనుష్యుని నెలకొక్కమారైన పిలిపించుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు ఏది? అక్షరము రానివానికి అక్షరము నేర్పిన ఇల్లు ఇది. చదువు రానివాడు సిగ్గుపడకుండ ఇచ్చటికి వచ్చినట్లే, దమ్ము గలవాడును వెరపులేక రావలెను. ఆవరణలో 30 మీటర్ల బాట గీయించినచో అదియు నొక పాఠ్యగ్రంథమే యగును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము కలకాలము వర్ధిల్లుగాక! ఇచ్చటికి వచ్చు పెద్దలు నిండుగా ఊపిరి పీల్చి స్వర్ణోత్సవమును కన్నులార చూతురుగాక!