భావికాలము – గ్రంథాలయ కర్తవ్యము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు గడచిన దినములను కీర్తించుట సులభము. రానున్న దినములను గూర్చి యోచించుట కష్టము. లాభాపేక్ష లేక, చందాలపైనను, దాతల ఔదార్యముపైనను, కార్యకర్తల యుత్సాహముపైనను నిలుచు సంస్థలకు ఈ యోచన మిక్కిలి యావశ్యకము. సరకు అమ్ముడుపోనిచో వర్తకుడు నెల తిరుగకముందే యెరుగును. చదువరులు తగ్గిపోవుచున్న సంగతి గ్రంథాలయమునకు ఏండ్లు గడచినగాని తెలియదు.

పంచతంత్రమునందలి మూడు చేపల కథ తెలియనివారుండరు. జాలరుల మాట వినినంతనే అనాగతవిధాత మడుగు విడిచి పోయెను. ప్రత్యుత్పన్నమతి ఆపద పైబడిన పిదప చచ్చినట్లు నటించి బ్రతికెను. కానున్నది కాకమానదని కూర్చున్న యద్భవిష్యుడు నశించెను. సమయస్ఫూర్తి ఒక వ్యక్తిని కాపాడవచ్చును. సభ కూడి తీర్మానించినగాని కదలలేని సంస్థకు అది చాలదు. సంస్థకు మొదటి చేప మార్గమే శరణ్యము.

అయినచో భావిని ఎరుగుట యెట్లు? ఎరుగ నక్కరలేదు. ఉగాదినాటి పంచాంగము ఒక్కొక్క రాశికి ఒకే యాదాయమును, ఒకే వ్యయమును చెప్పును. వివేకవంతమైన సంస్థ నాలుగు విధముల భవిష్యత్తులను ఎదుట నుంచుకొని, ఏది వచ్చినను ఏమి చేయవలయునో ముందే నిశ్చయించుకొనును. రాయల్ డచ్ షెల్ అను చమురు సంస్థలో పియర్ వాక్ మొదలగువారు 1970వ దశకపు తొలి యేండ్లలో ఈ పద్ధతిని అనుసరించిరి. చమురు ఎల్లకాలము చౌకగా దొరకకపోవచ్చునను చిత్రమును వారు అధికారుల యెదుట నుంచిరి. 1973 అక్టోబరులో చమురు సంక్షోభము రానే వచ్చెను. ముందే యోచించియుండుటచే ఆ సంస్థ త్వరగా తేరుకొనగలిగెను.

పల్లెటూరి గ్రంథాలయమునకు అనిశ్చితములు రెండు: ధనము, చదువరులు. వీనిని కలిపి చూచినచో నాలుగు చిత్రము లేర్పడును.

ధనమును, చదువరులును గల కాలము మొదటిది. ఇందును అపాయము కలదు. మేడపై మేడ కట్టవలెనను కోరిక పుట్టును. కట్టుట ఒక్కసారియే గాని పోషణ వ్యయము ఏటేట వచ్చును.

ధనముండి చదువరులు లేని కాలము రెండవది. దూరదేశములనుండి బిడ్డలు సొమ్ము పంపుదురు, బీరువాలు మెరయును, తాళములు తీయువారుండరు. అప్పుడు పుస్తకమే చదువరి కడకు పోవలయును. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. పడవల కాలము గడచెను. ఆ నీతి గడచిపోలేదు.

చదువరులుండి ధనము లేని కాలము మూడవది. పోటీ పరీక్షల యువకులతో బల్లలు నిండును గాని, విద్యుత్తు బిల్లునకును పత్రికలకును సొమ్ముండదు. వందమంది యిచ్చు చిన్న చందా ఒక్క ధనికుని పెద్ద విరాళముకంటె నమ్మదగినదని అప్పుడు తెలియును.

రెండును లేని కాలము నాల్గవది. ఉత్సవదినమున ఈ మాట అశుభమని తోచవచ్చును. కాని తలుపులు మూతపడినచో పుస్తకములు చెదలపాలు కావలయునా? అవి పాఠశాలకు పోవలయునా, జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవలయునా యని బలమున్న దినములలోనే వ్రాసి యుంచుట పెద్దల లక్షణము. వీలునామా వ్రాసినవాడు ఆనాడే మరణింపడు.

నాలుగు కాలములందును పనికివచ్చు కార్యములను నేడే యారంభింపవచ్చును. పుస్తకముల పట్టికను సరిచూచి, దాని ప్రతిని వేరొకచోట నుంచవలయును. ఆరు నెలల ఖర్చునకు సరిపడు నిధిని కదల్పక బ్యాంకులో నుంచవలయును. ప్రతి పనియు ఇద్దరికి తెలిసియుండవలయును. దొరకని ప్రాత గ్రంథములకు ఫోటోలు తీయించవలయును.

పిమ్మట సూచనలను కనిపెట్టవలయును. నెలకెన్ని పుస్తకములు ఇండ్లకు పోయినవి? చందా బకాయిలు పెరిగినవా? ఆదాయములో సగము ఒక్క దాతనుండియే వచ్చుచున్నదా? ఏ సూచన కనబడిన ఏ పని చేయవలయునో తీర్మానముల పుస్తకమున ముందే వ్రాసికొని, ఏటేట వార్షిక సభలో చదువుకొనవలయును.

2020 మార్చిలో దేశమంతట తలుపులు మూతపడినవి. ఆ వ్యాధి వచ్చునని ఏ గ్రామ గ్రంథాలయమును ఊహించి యుండదు. అయినను, తలుపు తెరువరాని నెలలలో పుస్తకము చదువరి నెట్లు చేరునను ప్రశ్నను ముందే వేసికొనిన సంస్థకు ఒక దారి కనబడును. ఆపద పేరు తెలియకున్నను, తన బలహీనత యెచటనున్నదో తెలిసియుండిన చాలును.

ఈ గ్రంథాలయమును స్థాపించినవారు చేతనున్న కొలది పుస్తకములను నమ్మి కాదు, చదువబోవు బిడ్డలను నమ్మి దీనిని నెలకొల్పిరి. స్వర్ణోత్సవమునాడు ఆ బిడ్డల బిడ్డలు ఈ బల్లలయొద్ద కూర్చుండునట్లు చేయుట నేటి సభ్యుల కర్తవ్యము.

శుభం భూయాత్.