సున్నం కరగాలి, మన పంట కాలంలోనే కరగాలి
(అరకు లోయ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సున్నం వేసినా నేల పులుపు తగ్గలేదని చాలామంది చెప్పారు. సరుకు నకిలీదని కొందరి అనుమానం. కావచ్చు. అసలు రాయి ఎలా కరుగుతుందో ముందు చూద్దాం.

బొర్రా గుహల్ని తొలిచింది నీళ్లే. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులిసి, సున్నపురాయిని కరిగించింది. (ఆ చుట్టుపక్కల కాల్సైట్, అంటే ఈ సున్నపురాయి ఖనిజం, లీజుల గొడవ మీదే 1997లో సమతా తీర్పు వచ్చింది.) అదే వాన మన ఖోండలైటు కొండల్లో కాల్షియం, మెగ్నీషియం కడిగేసింది. మన నేలలు పులిసింది అందుకే.

రాయి కరుగుతుందా లేదా అనేది ఒక లెక్క. దాన్ని థర్మోడైనమిక్స్ అంటారు. ఎంత వేగంగా అనేది ఇంకో లెక్క. రెండింటికీ లంకె ఉంది. గ్లాసు నీళ్లలో ఉప్పు వేస్తూ పోండి. మొదటి చెంచా చకచకా కరుగుతుంది. నీళ్లు ఉప్పుతో నిండేకొద్దీ మందగించి, చివరికి ఆగిపోతుంది.

సున్నమూ అంతే. కాఫీ మొక్క మొదట్లో కుప్పగా పోస్తే, కుప్పలోని నీరు త్వరగా నిండిపోయి కరగడం ఆగుతుంది. పలచగా చల్లి మట్టిలో కలిపితే, కరిగింది కరిగినట్టే నేల పులుపు తినేస్తుంది, కరగడం సాగుతుంది. రవ్వగా ఉంటే ఏళ్లు పడుతుంది. చోడిపిండిలా మెత్తగా ఉంటే నీరు తాకే చోటు ఎక్కువ, పని త్వరగా అవుతుంది.

రాక్ ఫాస్ఫేట్ సంగతి వేరు. అది కరగడానికి పులుపు కావాలి. సున్నంతో కలిపి వేశారంటే అది రాయిగానే ఉండిపోతుంది. రెండూ ఉచితంగా వచ్చాయని ఒకే రోజు వేసేవాళ్లు మనలో ఉన్నారు! ఫాస్ఫేట్ ముందు వేసి, కొన్ని నెలలాగి సున్నం వేయండి.

సంచి మీద బరువు రాస్తారు, మెత్తదనం రాయరు. ఒక ఏడాది మా ఊళ్లో పంచినది జల్లెడ పడితే సగానికి పైగా రవ్వే. జల్లెడ సైజు సంచి మీద ఉండాలి, మోతాదు భూసార పరీక్షను బట్టి చెప్పాలి, సరుకు వానలకు ముందే చేరాలి. ఇవి మన డిమాండ్లు.

ఇంకో మాట. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పొలాల్లో బసాల్ట్ పొడి చల్లే మాటి కార్బన్‌కు 2025లో 5 కోట్ల డాలర్ల ఎక్స్‌ప్రైజ్ వచ్చింది. రాయి కరిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది, ఆ లెక్కను క్రెడిట్లుగా అమ్ముతారు. అలాంటి బేరం రేపు మన కొండకూ రావచ్చు. ప్రయోగశాలలో కరిగే వేగం వేరు, పొలంలో వేరు. పొలంలో చాలా రెట్లు తక్కువ. మన మట్టిలో కొలిచారా, ఊహించి రాశారా అని అడగండి. క్రెడిట్ డబ్బులో రైతు వాటా ఎంతో గ్రామసభలో తెలుగులో చదివించాకే వేలిముద్ర వేయండి.